పైరెప్ప బయటి మూల వాచితే: కన్నీటి గ్రంథి వాపును గుర్తించడం, నయం చేసుకోవడం

కంటి దగ్గర ఏ వాపు కనిపించినా ఇంట్లో మొదట వినిపించే మాట ‘కురుపు లేస్తోంది’ అని. చాలాసార్లు అది నిజమే. అయితే వాపు పైరెప్ప మీద, చెవి వైపు మూలలో, కనుబొమ్మ ఎముక అంచు కింద వచ్చి, రెప్ప ఆ కొస దగ్గరే బరువెక్కి జారితే మాత్రం కురుపేలే అనుకుని ఊరుకోకూడదు. ఆ ఎముక లోపలి గుంటలో బాదం పప్పంత కన్నీటి గ్రంథి ఉంటుంది. అది వాస్తే డాక్టరు చీటీలో ‘డాక్రియోఅడినైటిస్’ అని రాస్తారు. కొందరికి ఇది దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి వారం పది రోజుల యాంటీబయాటిక్ చాలు. ఇంకొందరికి మాత్రం క్షయో, లింఫోమా అనే లసిక కణాల క్యాన్సరో, ఒంట్లో మరోచోట ముదురుతున్న జబ్బో మొదట బయటపడేది ఇక్కడే. ఏది ఏదో తేల్చాలంటే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాపు సరిగ్గా ఎక్కడుంది? ఎన్నాళ్లుగా ఉంది? నొప్పి ఉందా?

ముందు చోటు తేల్చుకోండి

పేరు దగ్గరే చాలామంది తికమకపడతారు. కన్నీరు పుట్టే గ్రంథి పైన, చెవి వైపు ఉంటుంది. కన్నీరు ముక్కులోకి దిగే దారిలోని తిత్తి కింద, ముక్కు పక్కన ఉంటుంది. తిత్తి వాస్తే దాన్ని ‘డాక్రియోసిస్టైటిస్’ అంటారు. అందులో ముక్కు పక్కన నొక్కితే చీము రావచ్చు, చివరికి డీసీఆర్ అనే ఆపరేషన్ పడవచ్చు. గ్రంథి వాపుకు ఆ ఆపరేషన్‌తో సంబంధమే లేదు. ఫోన్‌లో వెతికి చదివేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకుని లేని భయాలు తెచ్చుకుంటారు.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. పగటి వెలుతురులో కిటికీ ఎదురుగా కూర్చోబెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. కిందికి, ముక్కు వైపుకు చూడమని చెప్పి, పైరెప్ప బయటి కొసను బొటనవేలితో మెల్లగా పైకెత్తండి. కనుగుడ్డును నొక్కకూడదు. గ్రంథి వాచి ఉంటే రెప్ప చాటున ఎర్రగా ఉబ్బిన కండముద్ద తొంగిచూస్తుంది, ఆ వైపు తెల్లగుడ్డు కూడా ఎర్రబడి ఉంటుంది. రెండో కంటినీ అలాగే ఎత్తి పోల్చుకోండి. ఎదురుగా చూస్తే రెప్ప అంచు మామూలు వంపు తప్పి, పడుకోబెట్టిన ‘ఎస్’ అక్షరంలా కనిపించడం దీని గుర్తు. చెవి ముందు చిన్న బిళ్ల కట్టి, ముట్టుకుంటే నొప్పి పుట్టవచ్చు.

తర్వాత ఫ్లాష్ లేకుండా మూడు ఫొటోలు తీయండి. ఎదురుగా ఒకటి, కిందికి చూస్తుండగా ఒకటి, తల వెనక్కి వాల్చి గడ్డం కింద నుంచి ఒకటి. ఒక కన్ను ముందుకు పొడుచుకొచ్చిందా లేదా అన్నది మూడో ఫొటోలో తెలిసిపోతుంది. రెండు మూడేళ్ల కిందటి పెళ్లి ఫొటో ఏదైనా ఉంటే అదీ డాక్టరుకు చూపించండి. ‘నిన్ననే వచ్చింది’ అనుకున్న వాపు ఏడాది కిందటి ఫొటోలోనూ ఉండటం అరుదేమీ కాదు. అది తేలితే వెతకాల్సిన జబ్బే మారిపోతుంది.

ఇలాగే కనిపించేవి ఇంకొన్ని ఉన్నాయి. కురుపయితే వెంట్రుక మొదట్లో ఒక్కచోట మొన తేలి, ఆ మొన మీదే నొప్పి ఉంటుంది. రెప్ప మధ్యలో బఠాణీ గింజలా గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే అది చలేజియన్ (రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోయి కట్టిన గడ్డ). దురదతో రెండు కళ్లూ ఒక్కసారిగా ఉబ్బితే అలర్జీ. పురుగు కుట్టినా రెప్ప దూదిలా మెత్తగా ఉబ్బుతుంది. వయసు పైబడినవాళ్లలో ఆ మూల నుంచి పసుపుపచ్చగా, నొప్పి లేకుండా మెత్తటి ముద్ద జారితే చాలావరకు అది కొవ్వే.

ఏ లక్షణాలుంటే ఆగకూడదు

ఒక్కో కంటినే మూసి గోడ క్యాలెండర్‌లోని అంకెలు చదివించండి. ఎర్రటి సీసా మూత ఒకటి చూపించి, రెండు కళ్లకూ ఎరుపు ఒకేలా కనిపిస్తోందా అని అడగండి. వాచిన కంటికి ఆ రంగు వెలిసినట్టు కనిపిస్తే చూపు నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. చూపు మసకబారడం, కన్ను తిప్పితే నొప్పి లేదా తిప్పలేకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, కన్ను ముందుకు పొడుచుకురావడం, జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత... వీటిలో ఏ ఒక్కటున్నా అది గ్రంథి దాటి కంటిగుంటలోకి పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ పూటే కంటి విభాగమున్న పెద్దాసుపత్రికి చేరాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

షుగరు అదుపులో లేనివాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కంటి చుట్టూ వాపుతో పాటు చెంప మొద్దుబారడం, ముక్కులో నల్లటి పక్కు కట్టడం ఉంటే మ్యూకర్‌మైకోసిస్ గుర్తుకు రావాలి. 2021లో ‘బ్లాక్ ఫంగస్’ అని ఊరూరా విన్నది దీన్నే. దానికి స్టెరాయిడ్ ఇస్తే అగ్గికి ఆజ్యం పోసినట్టే.

నొప్పితో రెండు మూడు రోజుల్లో వచ్చిన వాపు

ఇందులో ఎక్కువ భాగం వైరస్‌లవల్లే వస్తుంది. పిల్లల్లో గవదబిళ్లలు ప్రధాన కారణం. చెవి కింద, దవడ మూల దగ్గర వాపుతో పాటు ఒక కన్నో, రెండు కళ్లో పై మూలల్లో ఉబ్బుతాయి. ప్రభుత్వ టీకాల పట్టికలో ఉన్న ఎంఆర్ టీకా తట్టు, రుబెల్లాలకే పనిచేస్తుంది, గవదబిళ్లలకు కాదు. గవదబిళ్లలకూ పనిచేసే ఎంఎంఆర్ కావాలంటే పిల్లల డాక్టరు దగ్గర విడిగా వేయించాలి. ‘అన్ని టీకాలూ వేయించాం కదా’ అని తల్లిదండ్రులు గవదలను కొట్టిపారేసేది ఈ తేడా తెలియకే. గవదలు వాచిన రోజు నుంచి 5 రోజులు పిల్లవాణ్ని బడికి పంపకండి.

టీనేజీ పిల్లల్లో, యువకుల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఎక్కువగా కనిపిస్తుంది. గొంతునొప్పి, మెడలో బిళ్లలు, విపరీతమైన నీరసం దీని తోడు. ఈ వైరస్ ఉన్నప్పుడు అమాక్సిసిల్లిన్ వేస్తే చాలామందికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అది చూసి ‘పెన్సిలిన్ పడదు’ అని జీవితాంతం చీటీల్లో రాయించుకుంటూ పోతారు. అందుకే గొంతు, మెడ చూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. ఈ జబ్బులో ప్లీహం ఉబ్బుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలు కబడ్డీలాంటి ఆటలు ఆపాలి.

వైరస్ వాపుకు చేయాల్సింది తక్కువే. శుభ్రమైన నూలు గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, మణికట్టు లోపలి వైపు ఆనించి వేడి చూసుకుని, మూసిన రెప్ప మీద 10 నిమిషాలు ఉంచాలి. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. రుద్దకూడదు, నొక్కకూడదు. ఆ గుడ్డను ఇంకెవరూ వాడకూడదు. కొందరికి చల్లటి గుడ్డే హాయినిస్తుంది, అలాగైనా తప్పులేదు. నొప్పికి పెద్దవాళ్లు పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు, పిల్లలకు ఒక్కో మోతాదు కిలో బరువుకు 15 మి.గ్రా. లెక్క. వానాకాలం జ్వరాల రోజుల్లో డెంగీ కాదని తేలేవరకు ఇబుప్రొఫెన్ జోలికి పోవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. నొప్పి వారం రెండు వారాల్లో సద్దుమణుగుతుంది, వాపు పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. రోజురోజుకీ తగ్గుతుంటే కంగారు అక్కర్లేదు. తగ్గి మళ్లీ పెరిగితే చూపించుకోవాలి.

నుదుటి మీద ఒకవైపే నీటి పొక్కులు లేచి, వాటితో పాటు రెప్ప వాస్తే అది అక్కి. ముక్కు కొన మీద కూడా పొక్కు కనిపిస్తే కంటి లోపలికీ పాకే అవకాశం ఎక్కువ. పొక్కులు లేచిన 72 గంటల్లోపు అసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు 5 సార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రా. రోజుకు 3 సార్లు 7 రోజులు డాక్టర్లు రాస్తారు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి. అక్కి రాయించుకోవడానికి వెళ్లి ఆ మూడు రోజులూ పోగొట్టుకుంటే తర్వాత వేసిన మందు సగమే పనిచేస్తుంది.

బాక్టీరియా వాపు తీరు వేరు. ఒకే కంటికి వస్తుంది, గంటల్లో పెరుగుతుంది, ముట్టుకోనివ్వదు, పుసులు చిక్కగా చీములా ఉంటాయి. ఎక్కువగా కనిపించేవి స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్. దెబ్బ తగిలిన గాయం నుంచో, కండ్లకలక నుంచో గ్రంథిలోకి పాకుతాయి. చీముంటే మొదటి మాత్ర వేసే ముందే దూదిపుల్లతో తీసి, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు పంపాలి, మందు పడ్డాక పంపితే ఏమీ పెరగకపోవచ్చు. మామూలు తీవ్రతకు పెద్దలకు అమాక్సిసిల్లిన్-క్లావులనేట్ 625 మి.గ్రా. రోజుకు 3 సార్లు, లేదా సెఫాలెక్సిన్ 500 మి.గ్రా. రోజుకు 4 సార్లు, 7 నుంచి 10 రోజులు రాస్తారు. ఇవన్నీ చీటీలో ఏముందో అర్థం చేసుకోవడానికి చెప్పిన లెక్కలు. పెన్సిలిన్ పడదా, గర్భిణా, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నవి చూసి డాక్టరు మారుస్తారు. మూడో రోజుకు హాయిగా ఉందని మాత్రలు ఆపేయడం మనవాళ్లకు అలవాటు. వాపు తిరగబెట్టడానికి అదొక దగ్గరి దారి.

మందు మొదలెట్టిన 48 గంటలకు మళ్లీ చూపించాలి. అప్పటికి నొప్పి, ఎరుపు కొంతైనా తగ్గాలి. తగ్గలేదంటే గ్రంథిలో చీముగడ్డ కట్టి ఉండాలి, లేదా మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం స్టాఫిలోకాకస్ అయి ఉండాలి, లేదా మొదటి అంచనాయే తప్పయి ఉండాలి. చీముగడ్డ ఉందో లేదో సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. ఉంటే దాన్ని బయటికి తీయాల్సిందే, అది ఆపరేషన్ థియేటర్లో జరగాల్సిన పని. ఇంట్లో సూదితో పొడవడం, పసుపు పట్టు వేయడం, కంట్లో తల్లిపాలో తేనో పిండటం ఇన్‌ఫెక్షన్‌ను లోపలికి నెట్టే పనులు. నందివర్ధనం పువ్వు మూసిన రెప్ప మీద చల్లగా ఉంటుంది, అంతకుమించి ఏమీ చేయదు. రసం మాత్రం కంట్లో పిండకండి.

నొప్పి లేదు, వాపు పోదు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. నెల దాటినా తగ్గుముఖం పట్టని వాపు, నొప్పి లేకుండా రెండు కళ్లకూ కలిసి వచ్చిన వాపు, తగ్గి తగ్గి మళ్లీ వచ్చే వాపు చాలావరకు మామూలు ఇన్‌ఫెక్షన్ కావు. నొప్పి లేదు కాబట్టి రోగి తొందరపడడు. వాపు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ల కంట కూడా పడదు.

సార్కాయిడోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో, గ్రంథుల్లో వాపు కణాలు ముద్దకట్టే జబ్బు. అందులో పొడిదగ్గు, ఆయాసం, కాళ్ల మీద ఎర్రటి గడ్డలు తోడుంటాయి. గుండె పక్కన బిళ్లలు ఛాతీ ఎక్స్‌రేలో కనిపిస్తాయి. మన దేశంలో దీన్ని అచ్చంగా పోలి ఉండేది క్షయ. బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) రెండింటిలోనూ గ్రాన్యులోమాలే (వాపు కణాల ముద్దలే) కనిపిస్తాయి, ఛాతీలో రెండింటికీ బిళ్లలే ఉంటాయి. చర్మంలోకి సూది వేసి చేసే మాంటూ పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్షయ ఖాయమని అనలేం, చిన్నప్పుడే ఆ క్రిమి సోకినవాళ్లు మన దగ్గర చాలామంది. అందుకే తీసిన ముక్కలో కొంత, ముక్కను నిలవ ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేయకుండా విడిగా క్షయ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు, కల్చర్‌కు పంపాలి. మొత్తం ముక్క ఫార్మలిన్‌లో పడ్డాక క్షయ కల్చర్‌కు దారి మూసుకుపోయినట్టే. క్షయ అని తేలితే ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. సాధారణంగా నాలుగు మందులు 2 నెలలు, తర్వాత మూడు మందులు 4 నెలలు. వాటిలోని ఇథాంబ్యుటాల్ చూపు నరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి మొదలెట్టే ముందు, ఆ తర్వాత కూడా రంగుల చూపు పరీక్ష చేయించుకోవాలి.

ఐజీజీ4 అనే యాంటీబాడీతో ముడిపడ్డ జబ్బు కథ పాతదే, పేరే కొత్తది. 1888లో మికులిక్జ్ అనే సర్జన్ 42 ఏళ్ల రైతులో కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు రెండు వైపులా నొప్పి లేకుండా ఉబ్బడాన్ని వర్ణించాడు. అలాంటి కేసులు చాలావాటి వెనక ఐజీజీ4 ఉందని 2000 తర్వాత గానీ తెలియలేదు. రక్తంలో ఐజీజీ4 డెసిలీటరుకు 135 మి.గ్రా. దాటితే అనుమానం బలపడుతుంది, కానీ కొందరిలో అది మామూలుగానే ఉండి బయాప్సీలో మాత్రమే బయటపడుతుంది. క్లోమం, కిడ్నీలు, పిత్తనాళాలు కూడా ఇందులో దెబ్బతినగలవు కాబట్టి పొట్ట స్కాన్, క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష), లివర్ పరీక్షలు తప్పనిసరి.

కళ్లు, నోరు రెండూ ఎండిపోతుంటే షోగ్రెన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసేది) కోసం చూస్తారు. షిర్మర్ పరీక్షలో కింది రెప్పలో పెట్టిన కాగితపు పట్టీ 5 నిమిషాల్లో 5 మి.మీ. లేదా అంతకంటే తక్కువ తడిస్తే కన్నీరు బాగా తక్కువని అర్థం. థైరాయిడ్ కంటి జబ్బులోనూ గ్రంథి ఉబ్బుతుంది, అయితే అందులో రెప్ప కిందికి జారదు, పైకి లాక్కుపోతుంది. ముక్కులో పక్కులు, రక్తం, సైనస్ బాధలుంటే రక్తనాళాల వాపు జబ్బును వెతికే ఏఎన్‌సీఏ పరీక్ష కావాలి. ఇవేవీ కావని తేలాక మిగిలేదే ‘కారణం తెలియని వాపు’. ఆ పేరు చివర పెట్టాలి, మొదటి రోజే కాదు.

ఇక కణుతులు. ఏడాదికి పైగా నొప్పి లేకుండా పెరుగుతూ, కన్నును కిందికి, ముక్కు వైపుకు నెట్టే గట్టి గడ్డ ప్లియోమార్ఫిక్ అడినోమా అనే క్యాన్సర్ కాని కణితి కావచ్చు. కొన్ని నెలల్లోనే నొప్పితో, తిమ్మిరితో పెరిగితే అడినాయిడ్ సిస్టిక్ క్యాన్సర్ భయం ఉంటుంది. పెద్దవయసులో మెత్తగా, నొప్పి లేకుండా, ఒక్కోసారి రెండు వైపులా వచ్చేది లింఫోమా.

స్కాన్, బయాప్సీ

కంటిగుంటల సీటీ స్కాన్ నరంలోకి ఎక్కించే రంగుమందు కాంట్రాస్ట్‌తో, అడ్డంగానూ నిలువుగానూ పలచటి ముక్కల్లో, ఎముక విడిగా కనిపించే విండోతో సహా తీయించాలి. ఉత్త ‘బ్రెయిన్ సీటీ’లో గ్రంథి సరిగా దొరకదు, డబ్బు దండగ. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూడాలి, గర్భం ఉందేమో అడగాలి. వాచిన గ్రంథి కనుగుడ్డు వంపుకు అతుక్కున్నట్టు సాగి, ఎముక చెక్కుచెదరకుండా ఉంటే వాపు గానీ లింఫోమా గానీ కావచ్చు, ఈ రెండింటినీ స్కాన్ విడదీయలేదు. ఎముకలో నున్నగా గుంట పడితే అడినోమా. ఎముకను కొరికేసినట్టుంటే క్యాన్సర్.

ప్లియోమార్ఫిక్ అడినోమా అనుకున్నప్పుడు ముక్క తీయకూడదు. పొర చిట్లితే కణాలు చుట్టూ చల్లుకుని ఏళ్ల తర్వాత తిరిగి వస్తుంది, ఒక్కోసారి క్యాన్సర్‌గా మారుతుంది. గడ్డను పొరతో సహా పూర్తిగా తీయాలి. మిగతా అనుమానాలన్నిటికీ బయాప్సీయే దారి. రెప్ప మడతలో చిన్న కోత పెట్టి గ్రంథి లోపలి తమ్మె (భాగం) నుంచి ముక్క తీస్తారు. రెప్ప కింద కంటికి కనిపించే తమ్మె తేలిగ్గా అందుతుంది కదా అని దాన్ని కోస్తే చేటు. గ్రంథి నాళాలన్నీ ఆ తమ్మె గుండానే కంట్లోకి తెరుచుకుంటాయి, అది దెబ్బతింటే ఆ కన్ను ఎండిపోతుంది. అందుకే ఈ పని ఓక్యులోప్లాస్టీ (రెప్పలు, కంటిగుంట ఆపరేషన్లు) చేసే కంటి సర్జన్ చేతిలో పడాలి. లింఫోమా అనుమానం ఉంటే కొంత ముక్కను ఫార్మలిన్ లేకుండా తాజాగా, కణాల రకాలను విడదీసి చూసే ఫ్లో సైటోమెట్రీకి ఇవ్వాలి. ల్యాబ్‌తో ముందురోజే మాట్లాడుకోకపోతే ఇది కుదరదు.

స్టెరాయిడ్ ఎప్పుడు, ఎలా

ప్రెడ్నిసొలోన్ వేస్తే రెండు మూడు రోజుల్లో వాపు మంచులా కరిగిపోతుంది. రోగికి సంతోషం, డాక్టరుకు పేరు. చిక్కేమిటంటే లింఫోమా కూడా స్టెరాయిడ్‌కు కరుగుతుంది, ఐజీజీ4 కరుగుతుంది, సార్కాయిడ్ కరుగుతుంది. నెల తర్వాత వాపు తిరిగొచ్చినప్పుడు బయాప్సీ తీస్తే కణాలు చెదిరిపోయి రిపోర్టులో ‘నిర్దిష్టంగా చెప్పలేం’ అని వస్తుంది. అందువల్ల దీర్ఘకాలపు వాపులో ముందు ముక్క, తర్వాత మాత్ర. తీవ్రమైన నొప్పితో వచ్చి, ఇన్‌ఫెక్షన్ కాదని తేలిన కేసుల్లో కొందరు డాక్టర్లు ముందే స్టెరాయిడ్ ఇస్తారు. అలా ఇచ్చాక రెండు వారాల్లో పూర్తిగా దిగకపోయినా, ఆపగానే తిరిగొచ్చినా బయాప్సీని ఇక వాయిదా వేయకూడదు.

మామూలు మోతాదు కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా., పెద్దల్లో తరచుగా 40 నుంచి 60 మి.గ్రా. ఉదయం టిఫిన్ తిన్న వెంటనే ఒక్కసారే వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. మొదలెట్టే ముందు షుగరు, బీపీ, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి పరీక్ష చూడాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం మెట్లుమెట్లుగా తగ్గించాలి. త్వరగా తగ్గిస్తే వాపు తిరగబెడుతుంది, ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పదే పదే తిరిగొచ్చేవాళ్లకు మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, ఐజీజీ4లో రిటుక్సిమాబ్ వాడతారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. చీటీ మీద ‘ప్రతి ఆదివారం’ అని రోజు పేరు రాయించుకోండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందు సంగతీ చూడాలి. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్ అన్న పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడే. ఎముక చాటున ఉన్న గ్రంథికి ఆ చుక్క సరిగా చేరదు. ఎరుపు మాత్రం తగ్గి, బాగైందన్న భ్రమ మిగులుతుంది. నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా, శుక్లం వస్తాయి.

వాపు దిగాక కొందరికి ఆ కన్ను పొడిబారుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు నాలుగైదుసార్లు, రాత్రి పడుకునే ముందు జెల్ వేసుకుంటే సరిపోతుంది. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం జరపండి. బయాప్సీ జరిగి ఉంటే రిపోర్టుతో పాటు స్లయిడ్లు, తీసిన ముక్కను పొదిగిన మైనపు బ్లాకు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని ఎండ తగలని చోట భద్రపరచండి. రెండేళ్లకో మూడేళ్లకో వాపు తిరిగొస్తే, మళ్లీ కోత పెట్టకుండా ఆ పాత బ్లాకు మీదే ఐజీజీ4 రంగు పరీక్ష చేయించవచ్చు.